పిల్లోడిని ఎవరి దగ్గర వదిలి పనికి పోవాలె? కిషన్‌బాగ్ నుంచి ఒక అమ్మ ముచ్చట

వెనక నుంచి సౌండ్ వస్తే జెర అడ్జస్ట్ చేసుకోండి. కింద వెల్డింగ్ షాపు ఉంది, వాళ్లని ఆపమని నేను చెప్పలేను, వాళ్లకూ పొట్ట ఉంది కదా. మా చిన్నోడు ఇప్పుడే పడుకున్నడు. వాడు లేచేలోపు ఈ వీడియో అయిపోవాలె.

చాలామంది మెసేజ్ పెడుతున్నరు. "అక్కా, మీరు షోరూమ్‌కి పోతరు కదా, బాబును ఎక్కడ వదుల్తరు?" అని. ఒక్క లైన్‌లో చెప్పే జవాబు కాదు ఇది. రెండేళ్లలో మూడు చోట్ల పెట్టిన వాడిని. ఒకచోట పెట్టి ఏడ్చిన. అందుకే ఈరోజు మొత్తం చెప్తున్న.

మాది కిషన్‌బాగ్. తెలియనోళ్లకు చెప్తున్న, జూ పార్కు నుంచి ఒకవైపు, అత్తాపూర్ నుంచి ఇంకోవైపు, మధ్యలో మూసీ పక్కన ఉంటది మా బస్తీ. గుడి, దర్గా, గురుద్వారా అన్నీ నడిచిపోయే దూరంలనే ఉంటయి. మా గల్లీల ఆడోళ్లు చాలామంది ఇంట్లనే పనిచేస్తరు. మగ్గం పని, కుట్టు పని, గాజులకు రాళ్లు అతికించుడు. బయటికి పోయేటోళ్లు ఇళ్లల్ల పనికి, షాపులకి, ఆస్పత్రులల్ల ఆయా పనికి పోతరు. నేను ఒక బట్టల షోరూమ్‌ల బిల్లింగ్ కౌంటర్ మీద ఉంట. పొద్దున పదిన్నరకు పోతే రాత్రి ఏడున్నర. మా ఆయన ఎలక్ట్రీషియన్. అత్తమ్మ లేదు, మా అమ్మ జడ్చర్లలో ఉంటది. ఇగ పిల్లోడిని ఎవరు చూడాలె?

బాబుకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒక ప్రైవేటు ప్లేస్కూల్‌ల పెట్టిన. పేరు చెప్పను, అడగకండి. బయట గోడ మీద మిక్కీ మౌస్, గేటు మీద రంగురంగుల బోర్డు, లోపల ఏసీ రూమ్ ఒకటి చూపించిన్రు. నెలకు 4500. నా జీతం 14 వేలు. అయినా పెట్టిన, "మంచి చోట ఉన్నడు" అన్న ధీమా కోసం. నిజం చెప్పాలంటే, ఆ గోడ మీద బొమ్మ చూసే కట్టిన ఆ పైసలు. ఏసీ రూమ్‌ల మా వాడు ఎన్నిసార్లు కూసున్నడో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఒక శనివారం షోరూమ్‌ల కరెంటు పోయింది, జనరేటర్ కూడా మొరాయించింది. మూడు గంటలకే పంపించిన్రు. సంతోషంగా ఆటో ఎక్కి అక్కడికి పోయిన. గేటుకు బయట నుంచి తాళం. లోపల నుంచి ఏడుపులు. కిటికీ గ్రిల్ పట్టుకుని చూస్తే తొమ్మిది మంది పిల్లలు, పెద్దమనిషి ఒక్కరు కూడా లేరు. మా వాడు తలుపు పక్కన తడిసిన నిక్కర్‌తో కూసున్నడు. ఏడుస్తలేడు. అదే నాకు ఎక్కువ భయమేసింది. ఏడ్చి ఏడ్చి ఆపేసిన పిల్లల మొహం ఎట్లుంటదో మీలో అమ్మలైనోళ్లకు తెలుసు.

ఇరవై నిమిషాల తర్వాత ఆయా పాల ప్యాకెట్లు పట్టుకుని ఉరుక్కుంట వచ్చింది. "మేడమ్ పెళ్లికి పోయింది, పాలు అయిపోయినయ్, ఒక్కదాన్నే ఉన్న" అని ఆమె కూడా ఏడ్చింది. నేను ఆమెను తిట్టిన, ఆ తర్వాత ఇంటికొచ్చి బాధపడ్డ. పదకొండు మంది పిల్లలకు ఒక్క మనిషిని పెట్టింది ఎవరు? పాలు తేవడానికి ఇంకో మనిషి లేనిది ఎవరి తప్పు? మర్నాడు ఆ మేడమ్ నాతో అన్నది ఒక్కటే మాట: "ఏం కాలేదు కదా!"

ఏం కాలేదు. కరెంటు పోయి నేను తొందరగా పోతే బయటపడ్డది. లేకపోతే అట్లాంటి శనివారాలు ఎన్ని అయిపోయినయో.

కంప్లయింట్ ఇద్దామని తిరిగిన. ఒక ఆఫీసుల ఇంకో ఆఫీసుకు పొమ్మన్నరు, అక్కడ "దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగిన్రు. తగల్లేదంటే కాగితం పక్కకు పెట్టిన్రు. మా పెద్దమ్మ బిడ్డ అమెరికాల డాలస్‌ల ఉంటది, ఆమెతో ఫోన్‌ల ఈ సంగతి చెప్పుకుంట ఏడ్చిన. అక్క అన్నది, వాళ్ల దగ్గర డేకేర్‌ల పిల్లను చేర్చే ముందు రాష్ట్ర ప్రభుత్వం వెబ్‌సైట్ ఓపెన్ చేసి చూసుకుంటరట. టెక్సాస్‌ల అయితే హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ శాఖ లైసెన్స్ ఇస్తది, ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఏమేం తప్పులు పట్టిన్రో అన్నీ ఆన్‌లైన్ల పెడ్తది. అక్కడ 2014ల ఒక కేంద్ర చట్టం తెచ్చి, అన్ని రాష్ట్రాలు తనిఖీ రిపోర్టులు జనానికి కనబడేటట్టు పెట్టాలె అన్నరు. "అయినా ఫీజు మాత్రం మా ఇంటి కిరాయంత" అని నవ్వింది అక్క. అక్కడ అన్నీ బాగున్నయ్ అని కాదు నేను చెప్పేది. అక్కడ అమ్మ చేతిల ఒక కాగితం ఉంది. మన చేతిల మన కళ్లే ఉన్నయ్.

మరి మన దగ్గర ఏమీ లేదా అంటే, ఉంది. నేనే ఇన్నేండ్లు చూడలేదు. మా ఇంటి నుంచి మూడు గల్లీల అవతల అంగన్‌వాడీ ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ రూమును. "అది పేదోళ్లకు" అనుకునేదాన్ని. 14 వేల జీతం తీసుకుంట నేను ఏమనుకున్ననో నన్ను నేను!

అంగన్‌వాడీ అంటే ఏంటో అసలు మనలో చాలామందికి తెల్వదు కాబట్టి చెప్తున్న. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ అని కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంటరు. మొదట దేశం మొత్తంల 33 చోట్ల మాత్రమే ఉండె. మన రాష్ట్రంల మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ దీన్ని నడిపిస్తది. సెంటర్‌ల ఒక టీచర్, ఒక ఆయా. వాళ్ల మీద సూపర్‌వైజర్, ఆమె మీద సీడీపీఓ. సీడీపీఓ అంటే మన ప్రాంతం సెంటర్లన్నీ చూసుకునే ఆఫీసర్. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తయి.

తెల్లకార్డు ఉన్నోళ్లకే అనుకుంటరు. కాదు. ఆరేండ్ల లోపు పిల్లలు, కడుపుతో ఉన్నోళ్లు, పాలిచ్చే తల్లులు, ఎవరైనా పోవచ్చు. బిడ్డకు ఆధార్ లేకున్నా అమ్మ ఆధార్‌తో పేరు రాసుకుంటరు. ఏడు నెలల నుంచి మూడేండ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇంటికిస్తరు, గుడ్లు కూడా ఇస్తరు. బాలామృతం మన హైదరాబాద్‌లనే, నాచారంల తయారవుతది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటయి అందుల. మా వాడికి గోరువెచ్చని నీళ్లల్ల కలిపిస్తే తినలేదు, కొంచెం నెయ్యేసి లడ్డూ చేసి పెడితే రెండు అడిగిండు. మూడు నుంచి ఆరేండ్లోళ్లకు సెంటర్‌లనే అన్నం, పప్పు, గుడ్డు. కడుపుతో ఉన్నోళ్లకు ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇది 2015 నుంచి ఉంది. నా కడుపుల వీడున్నప్పుడు నేను ఒక్కరోజు కూడా పోలేదు. రక్తం తక్కువుందని గోళీలు కొనుక్కున్న.

బరువు చూస్తరు నెలనెలా. అది చిన్న విషయం అనుకోకండి. ఎత్తు చూస్తరు, అవసరమైతే దండ చుట్టూ ఒక టేపు పెట్టి కొలుస్తరు. ఆ కొలత పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువుంటే బిడ్డకు తీవ్రమైన పోషణ లోపం ఉన్నట్టు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలె. మా ఎదురింటి పాపకు అట్లనే దొరికింది. వాళ్లమ్మ "సన్నగ పుట్టింది, సన్నగనే ఉంటది" అనుకుంది అప్పటిదాకా. మిక్కీ మౌస్ గోడ ఉన్న చోట మా వాడి బరువు ఒక్కసారి కూడా ఎవరూ చూడలేదు.

ఇగ ఇప్పుడు మంచి చెప్పిన కదా, చెడు కూడా చెప్తా. సెంటర్ వేళలు మన డ్యూటీ వేళలు కావు. మా దగ్గర పిల్లలు తిన్నంక ఒక్కొక్కరే ఇంటికి పోతరు. మూడేండ్ల లోపు పిల్లలకు తిండి ఇస్తరు కానీ పొద్దంతా కూసోబెట్టుకోరు. అంటే నాలాంటి దానికి, బిడ్డ చిన్నగ ఉన్నప్పుడే, ఎక్కువ అవసరం ఉన్నప్పుడే, చోటు లేదు. రూము చిన్నది, ఎండాకాలం రేకుల కింద కూసున్నట్టు ఉంటది. టీచరమ్మ మంచిది, కానీ ఆమెకు పిల్లలతో పాటు సర్వేలు, ఫోన్‌ల ఎంట్రీలు, రిజిస్టర్లు. ఒకరోజు నేను పోతే పిల్లలు పాటకు చప్పట్లు కొడ్తున్నరు, ఆమె ఒక చేత్తో చప్పట్లు కొట్టుకుంట ఇంకో చేత్తో ఫోన్‌ల ఫొటో అప్‌లోడ్ చేస్తున్నది. నవ్వాలో బాధపడాలో తెలువలేదు.

మరి నేనేం చేసిన? మా వెనక ఇంట్ల ఒక ఖాలా ఉంటది. గాజులకు రాళ్లు అతికించే పని చేస్తది, ముగ్గురు బిడ్డల పెండ్లిళ్లు చేసింది. ఆ శనివారం నేను మెట్ల మీద కూసుని ఏడుస్తుంటే ఆమెనే అన్నది, "రో నక్కో బేటా, మేరే పాస్ ఛోడో" అని. నెలకు 2500 ఇస్తున్న, మొదట తీసుకోనన్నది, నేనే బలవంతంగా ఇచ్చిన. పైసలు ఇయ్యకపోతే మనకు అడిగే హక్కు ఉండదు, ఆమెకు చెప్పే హక్కు ఉండదు. ఇది నా అనుభవం. చుట్టాలైనా సరే, ఎంతో కొంత ఇయ్యండి.

మూడేండ్లు నిండినంక పొద్దున అంగన్‌వాడీకి, అన్నం తిన్నంక ఖాలా దగ్గరికి. ఖాలానే తీసుకొస్తది. ఇప్పుడు మా వాడు సగం తెలుగు, సగం దక్కనీ మాట్లాడుతడు. మొన్న మా అమ్మకు ఫోన్‌ల "నానీ, మేరేకు అన్నం తినిపియ్యి" అన్నడు. మా అమ్మకు అర్థం కాక పది నిమిషాలు నవ్వింది.

అందరికీ ఖాలా దొరకదు కదా. నాకు దొరకడం అదృష్టం. అదృష్టం మీద ఎన్ని ఇండ్లు నడుస్తయ్? కాబట్టి చోటు ఎంచుకునేటోళ్లకు నేను నేర్చుకున్నది చెప్తా, నోట్ చేసుకోండి.

ఫస్ట్, చెప్పకుండ పోండి. అడ్మిషన్ రోజు అందరూ బాగనే ఉంటరు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్యల పోండి, పిల్లలు పడుకునే టైం, పెద్దోళ్లు అలసిపోయే టైం. తలలు లెక్కపెట్టండి. 2013ల కేంద్రం ఇచ్చిన పూర్వ బాల్య సంరక్షణ విధానంల ఉంది, మూడేండ్ల లోపు అయితే పది మందికి ఒక పెద్దమనిషి, మూడు నుంచి ఆరేండ్లు అయితే ఇరవై మందికి ఒకరు. 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలె అని కూడా ఉంది. నా మాట అడిగితే ఏడాది పిల్లలు పది మందిని ఒక్కరు చూడటం కూడా కష్టమే. ఇంట్ల ఒక్కడిని చూసేసరికే మనకు నడుములు పోతున్నయ్. "మీరు బయటికి పోతే ఎవరుంటరు?" అని తప్పకుండ అడగండి. నేను అడగని ప్రశ్న అదే.

మన పాతబస్తీ ఇండ్లల్ల ముందు చూడాల్సింది సంపు. నీళ్ల సంపు మూత ఉందా, మూతకు తాళం ఉందా. ఏసీ గురించి అడిగిన నేను, సంపు గురించి అడగలేదు, చూడండి నా తెలివి. మేడ మీద అయితే మెట్లకు గేటు, కిటికీలకు గ్రిల్, గ్యాస్ సిలిండర్ ఎక్కడుంది, ఇంకో దారి ఉందా. కింద అంతస్తు అయితే వాన. 2020 అక్టోబర్‌ల మూసీ పక్కన బస్తీలల్ల ఇండ్లకు నీళ్లు ఎట్లొచ్చినయో మర్చిపోయిన్రా? ఆ రోజు పిల్లలు అక్కడ ఉంటే ఎవరు ఎత్తుకుని ఎటు పోతరు అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనియ్యండి.

బాత్రూం చూడండి. గోడ మీద బొమ్మలు చూపించేటోళ్లు బాత్రూం చూపించడానికి ఎందుకో వెనకాడుతరు. అక్కడ పనిచేసేటోళ్లు ఎన్ని రోజుల నుంచి ఉన్నరో ఆయాను అడగండి, ఓనర్‌ను కాదు. రెండు నెలలకోసారి మనుషులు మారుతున్నరంటే అక్కడ ఏదో ఉంది. అక్కడికి ఎవరెవరు వస్తరు, ఓనర్ చుట్టాలు, డ్రైవర్, పైన కిరాయికున్నోళ్లు, అది కూడా. నంబర్ ఫోన్‌ల సేవ్ చేసుకోండి: 1098. పిల్లలకు ఏ ఆపదొచ్చినా ఏ టైంలనైనా చేయొచ్చు, పైసలు పడవు. బిడ్డను ఎవరైనా తప్పుగా తాకిన్రని అనుమానం వస్తే, అది 2012 పోక్సో చట్టం కిందికొస్తది, "పరువు పోతది" అని ఊకోకండి.

మీ బిడ్డ మొహం చూడండి, ఇది అన్నిటికంటే ముందు. మొదటి పదిహేను రోజులు అందరూ ఏడుస్తరు. నెలయినంక కూడా గేటు దగ్గర బిగుసుకుపోతే, లేదా ఉన్నట్టుండి చప్పుడు లేకుండా అయిపోతే, "అలవాటు పడ్డడు" అనుకోవద్దు. నేను అట్లనే అనుకున్న.

కంపెనీలల్ల పనిచేసేటోళ్లకు ఒక ముచ్చట. 2017ల ప్రసూతి చట్టాన్ని మార్చినప్పుడు 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలె అన్నరు. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసి రావొచ్చు. 50 మంది అంటే ఆడోళ్లే 50 మంది కాదు, అందరూ కలిసి. మా షోరూమ్‌ల మేం 38 మందిమి. లెక్కపెట్టిన, మరి లెక్కపెట్టకుండా ఉంటనా!

ఇంకోటి. కేంద్రం 2022 నుంచి మిషన్ శక్తిల భాగంగా పాల్నా అని ఒక పథకం నడిపిస్తున్నది. అంగన్‌వాడీనే క్రెష్‌గా మార్చి ఆరు నెలల నుంచి ఆరేండ్ల పిల్లల్ని పగలంతా చూసుకునేటట్టు. మనలాంటోళ్ల కోసం పెట్టినట్టే ఉంది కదా? మా కిషన్‌బాగ్‌ల మా గల్లీ దగ్గర మాత్రం లేదు. మా టీచరమ్మను అడిగితే "పైనుంచి రావాలె" అన్నది. పైన అంటే ఎవరు అని అడిగిన. సూపర్‌వైజర్, సీడీపీఓ. అందుకే ఇందాక ఆ పేర్లు గుర్తుపెట్టుకోమన్న.

మూసీ వైపు గల్లీలల్ల అసలు దగ్గర్ల సెంటరే లేదు. ఉన్న సెంటర్‌కు పోవాలంటే మెయిన్ రోడ్డు దాటాలె. ఆటోలు, లారీలు, ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని ఏ అమ్మ దాటుతది? సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఒక తీర్పు ఇచ్చింది. ఒక బస్తీల ఆరేండ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి సెంటర్ లేకపోతే, జనం అడిగిన మూడు నెలల్లోపు సెంటర్ పెట్టాలె అని. ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 40 మంది! మా దగ్గర ఒక్క పెండ్లి ఇంట్లనే అంతమంది ఉంటరు.

నేను, ఖాలా, ఇంకో ఇద్దరం రెండు ఆదివారాలు ఇల్లిల్లు తిరిగినం. కొంతమంది తలుపు తియ్యలేదు, సర్వే అంటే భయం. ఖాలా బయట నుంచి పేరు పెట్టి పిలిస్తే తీసిన్రు. ఒక ఇంట్ల నలుగురు పిల్లల్ని తొమ్మిదేండ్ల అక్క చూసుకుంటున్నది, అమ్మ ఇండ్లల్ల పనికి పోయింది. ఆ అక్కను "బడికి పోవా?" అని అడిగితే "చిన్నోడు నడిచినంక పోతా" అన్నది. అందరికంటే చిన్నోడికి ఎనిమిది నెలలు. ఆమెను లెక్కల రాసుకోలేదు, ఆమెకు ఆరేండ్లు దాటినయ్ కదా. 47 మంది అయ్యిన్రు మొత్తం.

దరఖాస్తు తెలుగుల నేను రాసిన, ఉర్దూల ఖాలా చిన్న బిడ్డ రాసింది. రెండు అడిగినం. ఒకటి, అక్కడ సెంటర్ కావాలె. రెండు, మా దగ్గరున్న సెంటర్‌ను పొద్దున నుంచి సాయంత్రం దాకా క్రెష్ చెయ్యాలె. సీడీపీఓ ఆఫీసుల ఒక కాపీ ఇచ్చినం. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇంకో కాపీ ఇచ్చినం. నాకు ఆ రోజు జీతం కట్ అయింది. రసీదు తీసుకోవడం మర్చిపోకండి, తేదీ ముద్ర పడాలె, మూడు నెలలు అక్కడి నుంచే లెక్క. ఇదిగో, మా రసీదు ఇది. నంబర్ కనబడకుండ వేలు పెట్టిన, ఏమనుకోకండి.

ఐదు వారాలైంది. పోయిన గురువారం ఒక మేడమ్ వచ్చి గల్లీ చూసి పోయింది. కిరాయికి రూము దొరుకుతదా అని అడిగింది. ఖాలా వెంటనే వాళ్ల తమ్ముడి కింది పోర్షన్ చూపించింది. నేను మాత్రం ముందు సంపు మూత చూసిన.

అగో, లేచిండు. సరే ఫ్రెండ్స్, ఎనిమిదో వారంల ఏమైందో చెప్తా. వస్తున్నా నాన్నా, వస్తున్నా...